పుష్యంలో కొట్టిన వెదురు, ఆశ్వయుజంలో పడిన చేప: మావు అల్లడంలో నా అనుభవం

2025 జనవరి నెలాఖరులో వెదురు కొట్టించిన నాటి నుంచి అక్టోబరులో మా మళ్ల కింది గెడ్డలో, అంటే వాగులో, మొదటిసారి నమ్మకంగా వేసే దాకా, వెదురు మావు, అంటే చేపలు పట్టే బుట్ట, తయారు కావడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. ఇందులో పూటపూటగా చేతులతో నిజంగా పని చేసిన గంటలన్నీ పోగేసినా ఒక నెలకు మించవు. మిగిలినదంతా వెదురు నానడానికి, నార మెత్తబడడానికి, బద్ద ఆరడానికి, పొగ పట్టడానికి, చివరికి వరద తీయడానికి ఎదురుచూడడంలోనే గడిచింది. వేసవి సెలవుల్లో రెండు వారాలు కూర్చుంటే వచ్చేస్తుందనుకుని మొదలుపెట్టేవారికి ఈ లెక్క ముందే తెలియాలని, జరిగినది జరిగిన వరుసలో రాస్తున్నాను.

మాది ఒడిశాలో గుణుపురానికి, కాశీనగరానికి మధ్య వంశధార ఒడ్డున ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ నడుస్తాయి. నాకు గుణుపురంలో చిన్న స్టేషనరీ దుకాణం ఉంది. ఊళ్లో చెరువు కింద రెండు మళ్లు ఉన్నాయి. 2024లో సంతలో మూడు వందల యాభై రూపాయలకు మడత పెట్టే నైలాను వల బుట్ట ఒకటి కొని ఆ మళ్ల కింద కాలువలో వేశాను. తెల్లారి తీసి చూస్తే గోరంత పరిగె పిల్లల దగ్గర నుంచి అరచేయంత మట్టగిడసల దాకా అన్నీ ఒకే ముద్దగా చచ్చి ఉన్నాయి. పెద్దవాటిలో కూడా సగం తినడానికి పనికిరాలేదు. నా చిన్నతనంలో మా నాన్న వెదురు మావుతో పట్టి తెచ్చే చేపలు బుట్టలోంచి నేలమీద పోస్తే ఎగిరిపడేవి. ఆ తేడా ఎందుకో తెలుసుకోవాలనిపించింది. వెదురు మావు కొందామంటే సంతలో అమ్మేవారు లేరు. ఊరి చివర, చేపలు పట్టే కేవుటివారి వీధిలో ఒక తాతకు ఆ పని వచ్చని తెలిసి వెళితే, డెబ్బై దాటిన ఆ పెద్దాయన చెయ్యి చూపించి, కొత్తది అల్లే బిగువు వేళ్లలో లేదని, కూర్చుంటే చూపిస్తానని అన్నారు. అప్పుడు డిసెంబరు. వెదురు ఇప్పుడే కొట్టకూడదని, పుష్య బహుళం దాకా ఆగమని చెప్పి పంపేశారు.

వెన్నెల తగ్గే రోజుల్లో కొట్టిన వెదురు పుచ్చదన్నది మా వైపు అందరి నమ్మకం. చంద్రుడి సంగతి అలా ఉంచితే, చలికాలంలో కొట్టడానికి మాత్రం గట్టి కారణమే ఉంది. వానకాలంలో దుబ్బు కొత్త మొలకలు వేస్తుంది. అప్పుడు కొడితే మొలకలు దెబ్బతింటాయి, గడలో ఉన్న పిండి పదార్థానికి పురుగు పట్టి కొన్ని నెలల్లోనే లోపలి నుంచి పొడి రాలుతుంది. మేము ఒక రైతు తన గట్టు మీద పెంచుకున్న దుబ్బు నుంచి గడ ఒకటికి తొంభై రూపాయల చొప్పున ఎనిమిది తీసుకున్నాం. అటవీ హక్కుల చట్టం 2006లో వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చినా, ఆ హక్కు అడవిని నమ్ముకున్న ఊళ్లది. నాలాంటి దుకాణదారుడు కొండ మీదికి కత్తి పట్టుకుని వెళ్లడం సరికాదు కాబట్టి, నాకు రైతు గట్టే దారి.

జనవరి 26 ఆదివారం పొద్దున్నే తాతను ట్రాక్టరు మీద కూర్చోబెట్టుకుని వెళ్లాం. గడ ఎంచడానికే రెండు గంటలు పట్టింది. ఏడాది వయసున్న గడ నున్నగా, ఆకుపచ్చగా, పైన తెల్లటి బూడిద పూసినట్టుగా ఉంటుంది, కణుపుల దగ్గర పాత డొప్పలు అంటుకుని ఉంటాయి. చూడడానికి అదే బాగుంటుంది కానీ ఆరితే ముడుచుకుపోతుంది. తాత ఎంచినవన్నీ మూడేళ్లవి, ఒంటి మీద మచ్చలు పడి, కాస్త పసుపు తిరిగినవి. ఒక్కొక్కదాన్ని కత్తి మడమతో తట్టి, చెవి దగ్గర పెట్టి విని, కొన్నింటిని వదిలేశారు. కొట్టేటప్పుడు నేల నుంచి మొదటి కణుపు పైన, మోడులో నీరు నిలవకుండా కొట్టించారు. నీరు నిలిస్తే దుబ్బు కుళ్లుతుందట. ట్రాక్టరుకు నూట యాభై అయింది.

గడలను అదే రోజు చెరువులో ఒక మూల, రాళ్లు బరువు పెట్టి ముంచాం. మాఘ పౌర్ణమి దాటిన తరువాత గానీ తీయలేదు. ఆ మూడు వారాల్లో చెప్పుకోవడానికి ఏమీ లేదు, వాసన తప్ప. గడలోని పిండి నీటిలోకి దిగి పులుస్తుంది. తీసి ఇంటి పెరట్లో నిలబెట్టిన రోజున మా ఆవిడ రెండు కిటికీలు మూసేసింది, పక్కింటివారు డ్రైనేజీ పాడైందేమోనని అడిగారు. నీడలో నాలుగైదు రోజులు గాలి తగిలాక ఆ వాసన పోయింది. నానబెట్టని ముక్క ఒకటి చెరువు గట్టున పడిపోయి ఉండగా ఏరి షెడ్డులో పెట్టాను. వర్షాకాలం నాటికి దాని కింద పసుపు పొడి కుప్పగా రాలింది. నానినవాటికి ఇప్పటి వరకు పురుగు తగలలేదు.

శివరాత్రి ముందు చీల్చడం మొదలైంది. ఈ పనికి నేను చాలా తక్కువ అంచనా వేసుకున్న సంగతి కత్తులు. వెదురు పైతొక్కలో సిలికా ఉంటుంది. అందువల్ల ఎంత మంచి కత్తి అయినా గంటలో మొద్దుబారుతుంది. కమ్మరి దగ్గర రెండు కత్తులు మూడు వందల యాభైకి చేయించుకుంటే, ఒకటి పనిలో, ఒకటి సానరాయి మీద ఉండేవి. గడను ముందు మూడున్నర అడుగుల ముక్కలుగా కోసి, ముక్కను సగానికి, సగాన్ని మళ్లీ సగానికి చీల్చుకుంటూ పోవాలి. అంచు నుంచి సన్నగా ఒక బద్ద తీద్దామంటే చీలిక పక్కకు పారిపోతుంది. రెండు వైపులా సమానమైన మందం ఉంటేనే చీలిక నిటారుగా దిగుతుంది. అది పక్కకు జరుగుతున్నట్టు అనిపించగానే మందంగా ఉన్న వైపును వంచితే మళ్లీ దారిలోకి వస్తుంది. ఈ ఒక్క కిటుకు చేతికి అలవడడానికి వారం పైనే పట్టింది. అలవడిన రోజున కలిగిన సంతోషం మావు పూర్తయిన రోజున కూడా కలగలేదని చెప్పాలి. గడ సర్రున చీలుతూ కణుపు దగ్గర టప్పుమని శబ్దం చేసి ముందుకు సాగిపోతుంటే, ఇంకొకటి, ఇంకొకటి అని చీకటి పడేదాకా కూర్చునేవాణ్ణి.

చీల్చిన బద్దకు లోపలి తెల్లని మెత్తటి భాగం తీసేసి, పైతొక్క ఉంచి, పావు అంగుళం వెడల్పుకు చెక్కాలి. నీటిలో నిలిచేది ఆ తొక్కే. బద్దను మోకాలి మీద గోనె పట్టా వేసుకుని, కత్తిని కదపకుండా పట్టి, బద్దను వెనక్కి లాగుతారు. నేను కత్తిని కదిపేవాణ్ణి. తాత ఏమీ అనకుండా నా మణికట్టును మోకాలికి తువ్వాలుతో కట్టేశారు. చేతులు తెగడం మాత్రం కత్తి వల్ల కాదు, బద్ద అంచు వల్ల. ఆ అంచు ఎంత పదునంటే, తెగినట్టు తెలిసే లోపే బద్ద ఎర్రబడుతుంది. బొటనవేలి మూలలో దిగిన వెదురు పేడు ఒకటి లోపలే విరిగి వాచడంతో ఆస్పత్రిలో కోసి తీయించుకుని, ధనుర్వాతం సూది వేయించుకోవలసి వచ్చింది. మందులతో కలిపి నూట ఎనభై రూపాయలు, పనికి ఆరు రోజుల సెలవు. తరువాత వేళ్లకు సైకిలు ట్యూబు ముక్కలు తొడుక్కున్నాను. పేడు దిగితే అప్పుడే, అది పచ్చిగా ఉండగానే తీయాలి. రాత్రికి చూద్దామనుకుంటే మెత్తబడి ముక్కలవుతుంది.

మార్చి రెండో వారానికి మూడు మావులకు సరిపడా బద్దలు కట్టలు కట్టి నీడలో ఆరబెట్టాం. ఒక మావు చుట్టూ డెబ్బైకి పైచిలుకు బద్దలు పడతాయి. ముక్కలు విరిగినవి, వంకరపోయినవి పోగా, రెండు గడలకు పైగా ఒక్క మావుకే అయిపోతాయి.

కట్టడానికి తాత ఒప్పుకున్నది అడ్డనార ఒక్కటే. పుట్టాసింగి వైపు కొండల నుంచి సవర ఆడవాళ్లు అడ్డాకులతో పాటు అడ్డతీగ పట్ట కూడా సంతకు తెస్తారు. కావలసినంత నాలుగు వందలకు వచ్చింది. పట్టను వారం రోజులు నీటిలో ఉంచి, చెక్క సుత్తితో కొట్టి, పైబెరడు రాలిపోగా మిగిలిన ఎర్రటి పోగులను విడదీసి, తొడ మీద పేనాలి. రెండు పాయలు తీసుకుని అరచేతితో ముందుకు తోస్తే పాయలు వేటికవి మెలి తిరుగుతాయి, వెనక్కి లాగితే రెండూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి. తోపు, లాగు, మధ్యలో కొత్త పోగు జతచేయడం, అంతే పని. ఉగాది మార్చి 30న వచ్చింది. అప్పటికి నా ఎడమ తొడ మీద వెంట్రుక ఒక్కటీ మిగలలేదు, చర్మం మండి పంచె తగిలితే ఓర్చుకోలేకపోయేవాణ్ణి. నూలు గుడ్డ ముక్కను తడిపి తొడ మీద పరుచుకుంటే మంట ఉండదు, నార కూడా బాగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఈ ఉపాయం చెప్పింది తాత కాదు, ఆయన భార్య. మొదటి రోజు నుంచి నన్ను చూస్తూ ఎందుకు ఊరుకుందో ఇప్పటికీ అడగలేదు.

ఏప్రిల్ అంతా అల్లకం. అల్లకం అని అంటున్నాను కానీ ముందు చేసేది తడక: బద్దలను నేల మీద పక్కపక్కనే పరిచి, జానెడుకొక వరుస చొప్పున నారతో ముడివేస్తూ చాప మాదిరిగా కట్టుకుంటూ పోతారు. తరువాత దాన్ని గుండ్రంగా చుట్టి లోపల వెదురు వలయాలు బిగిస్తారు. ఇక్కడ తేలవలసిన విషయం బద్దకు, బద్దకు మధ్య సందు. తాత కొలత చిటికెన వేలి గోరు. ఆ సందులోంచి దాటిపోగలిగిన చేప దాటిపోవలసిందే. ఇంకాస్త దగ్గరగా కడితే చిన్న రొయ్యలు కూడా ఆగుతాయి కదా అని అడిగాను. సందు తగ్గితే నీటిలో కొట్టుకొచ్చే గడ్డి, నాచు పట్టి మావు గోడలా నిలబడుతుందని, అప్పుడు నీరు దాని లోపలి నుంచి కాక పక్క నుంచి దారి చూసుకుంటుందని, చేప నీటి వెంటే పోతుందని చెప్పారు. నా నైలాను బుట్టలో పిల్లలు ఎందుకు చచ్చాయో ఆ మాటతోనే నాకు సగం అర్థమైంది.

ఎండలు ముదిరాక కొత్త చిక్కు వచ్చింది. మధ్యాహ్నం వేడికి ఆరిన బద్దలు వలయానికి వంచితే పటుక్కున విరిగేవి. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, రాత్రంతా తడిగోనెలో చుట్టి ఉంచిన బద్దలతో ఎనిమిదింటి దాకా పని చేసి, తరువాత దుకాణం తెరిచేవాణ్ణి. తడిగా ఉన్నప్పుడు బిగించిన ముడి ఆరితే వదులవుతుంది, వెదురు కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి. కనుక ప్రతి వరుసనూ రెండుసార్లు బిగించవలసి వచ్చింది: కట్టిన రోజున ఒకసారి, వారం తరువాత మళ్లీ.

మే నెల చాలా భాగం గొంతు దగ్గరే ఆగిపోయింది. మావు నోటి నుంచి లోపలికి గరాటులా దిగే భాగాన్ని మేము గొంతు అంటాం. చేప లోపలికి జారిపోవాలి, తిరిగి రాకూడదు. ఇందుకోసం మిగతా బద్దల కంటే బాగా సన్నగా, కొస వైపు గడ్డిపోచలా వంగేటట్టు చెక్కిన పుల్లలు కావాలి, వాటిలో కణుపు ఉండకూడదు. దూరం దూరంగా కణుపులున్న గడ పై భాగం నుంచే అవి వస్తాయి. వాటి కొసలు మధ్యలో ఒకదానినొకటి తాకీ తాకనట్టు ఉండాలి. నేను మొదట కట్టిన గొంతులో తాత తన పిడికిలి పెట్టి చూసి, మళ్లీ విప్పమన్నారు. "గొంతు బిగుసుకుంటే సేప మొహం పెట్టి సూసి ఎనక్కి ఎలిపోతాది బాబూ. దానికి దారి ఉన్నట్టే కనపడాల" అన్నారు. రెండోసారి కట్టినదాన్ని కూడా విప్పించారు. అది మరీ వదులుగా ఉంది. ఆ వారంలో ఒకరోజు విసుగుతో కత్తి అక్కడే పడేసి ఇంటికి వచ్చేశాను. ఆయన పిలవనూ లేదు, కబురు పంపనూ లేదు. నాలుగు రోజుల తరువాత నేనే వెళితే, ఏమీ జరగనట్టు పుల్లల కట్ట నా ముందుకు తోశారు. మూడోదానికి తల ఊపారు. వెనక వైపు చేప తీసుకునే రంధ్రానికి తలుపేమీ ఉండదు. వరిగడ్డి చుట్ట ఒకటి గట్టిగా దోపితే చాలు.

తరువాత పొగ. మా ఇంట్లో గ్యాసు పొయ్యి కాబట్టి మూడు మావులూ తాత వాళ్ల కట్టెల పొయ్యి మీది అటక నుంచి వేలాడాయి. మే చివరి వారం నుంచి రథయాత్ర దాకా, అంటే జూన్ 27 దాకా అక్కడే ఉన్నాయి. పొగ పట్టిన వెదురు గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే కొద్దిగా జిడ్డు తగులుతుంది. పురుగు దాని జోలికి రాదు. నారకు కూడా మంచిదేనని ఆయన అంటారు. ఇందులో నేను చేసిన పని ఏమీ లేదు, అప్పుడప్పుడు వెళ్లి చూసి రావడం తప్ప.

జూలైలో గెడ్డకు కొత్త నీరు వచ్చింది. ఊళ్లో కుర్రాళ్లు రాత్రిళ్లు టార్చిలైట్లతో బయలుదేరారు. నా దగ్గర మూడు మావులున్నా, తాత ఒప్పుకున్నది ఒక్కదాన్ని ఒక్క పూట వేసి చూడడానికే. కొత్త నీటికి ఎదురెక్కే చేప కడుపు నిండా గుడ్లతో ఉంటుంది. దాన్ని పట్టడం తనకు ఇష్టం లేదని, మావు అసలు పని ఆశ్వయుజంలో మళ్లలోంచి కిందికి దిగే చేప దగ్గరేనని ఆయన పట్టుదల. ఇన్ని నెలలు కూర్చున్నాక మళ్లీ మూడు నెలలు ఆగాలంటే నాకు ఒళ్లు మండింది, దాచుకోవడం ఎందుకు. పరీక్షగా వేసిన ఆ ఒక్క పూట మాత్రం చాలా ఉపయోగపడింది. ఎదురెక్కే చేపకైతే మావు నోరు దిగువకు చూడాలి, దిగే చేపకైతే ఎగువకు చూడాలి. ఎగువకు చూసినప్పుడు ప్రవాహం బరువంతా గొంతు మీదే పడుతుంది, చెత్త కూడా అక్కడికే చేరుతుంది. మా మావుల నోటి వలయాలు ఆ బరువుకు చాలవని తేలడంతో ఆగస్టులో వాటికి రెండో వలయం జతచేశాం.

ఆ పూటే నా పాత ప్రశ్నకు మిగిలిన సగం జవాబు కూడా దొరికింది. నేను మావును నీటిలో పూర్తిగా ముంచబోతే తాత కర్రతో వెనక భాగాన్ని పైకెత్తి, జానెడు నీటికి పైన ఉండేలా రెండు మేకుల మధ్య కట్టించారు. మట్టగిడస, కొర్రమీను, మార్పు లాంటి చేపలు నీటిలో ఉన్నా మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగకపోతే బతకలేవు. పూర్తిగా మునిగిన బుట్టలో అవి ఊపిరాడక చస్తాయి. నా నైలాను బుట్ట రాత్రంతా కాలువ అడుగున పడి ఉంది. మా నాన్న తెచ్చిన చేపలు ఎగిరిపడడానికి కారణం ఆ జానెడు గాలి. ఇప్పుడు వల బుట్ట వాడేవారు కూడా దాని ఒక కొసను కర్రకు కట్టి నీటి పైకి ఎత్తి ఉంచితే, చేప తెల్లారేదాకా బతికి ఉంటుంది, పిల్లలను తిరిగి వదలవచ్చు. దీనికి ఖర్చు కర్ర ముక్క ఒక్కటే.

దసరా అక్టోబరు 2న వచ్చింది. ఆ రోజుల్లోనే వాయుగుండం గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటడంతో మా కొండల్లో కుంభవృష్టి కురిసింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, వంశధార గట్లు తాకుతూ పారింది. అలాంటి నీటిలో మావు వేస్తే మావు వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో తేలుతుందని తాత నవ్వారు. వరద తీసి, రైతులు మళ్లలో అదనపు నీటికి గండ్లు కొట్టాక, రెండో వారంలో చెరువు మదుము (తూము) కింది గెడ్డ పాయలో మూడింటినీ వేశాం. పాయకు అడ్డంగా బంకమట్టి, కొమ్మలతో మోకాలెత్తు కట్ట వేసి, నీరు మావు నోట్లోంచే పోయేలా దారి విడిచాం. కట్ట వేయడం మావు వేయడం కంటే పెద్ద పని. ఇద్దరు మనుషులకు ఒక సాయంత్రమంతా పట్టింది, కాళ్లకు జలగలు పట్టాయి. దిగే చేపకు ఎర అక్కరలేదు. నిలవ నీటిలో వేసేటప్పుడు మాత్రం తవుడు, తెలకపిండి కలిపిన ముద్ద లోపల పెడతారు.

తెల్లవారి మూడు మావుల్లో కలిపి కిలోన్నర దాకా చేప ఉంది: మట్టగిడసలు, జెల్లలు, నాలుగు బొమ్మిడాయిలు, గుప్పెడు రొయ్యలు. అన్నీ ప్రాణంతో ఉన్నాయి. ఒక మావులో చేపలకు బదులు నీరుకట్టె పాము చుట్టుకుని ఉంది. అది విషం లేనిదే అయినా, గడ్డి చుట్ట తీసి చెయ్యి పెట్టబోయిన నాకు ఆ సంగతి గుర్తుకు రావడానికి కాస్త సమయం పట్టింది. చెయ్యి పెట్టే ముందు మావును నేల మీద దొర్లించి చూడడం ఆ రోజు నుంచి అలవాటైంది. తరువాతి వారంలో అనుకోని నష్టం ఒకటి జరిగింది. పొలం పీతలు లోపలికి దూరి, బయటికి పోవడానికి దారి లేక, అడ్డనార కట్లను డెక్కలతో కొరికేశాయి. ఒక మావుకు వరుసగా మూడు కట్లు తెగి బద్దలు విచ్చుకున్నాయి. నైలాను దారంతో కట్టేద్దామా అని అడిగాను. తాత వద్దన్నారు. నార కట్టు తెగితే ఆ వరుస ఒక్కటే మళ్లీ కట్టుకోవచ్చని, నైలాను దారం తెగకుండా వెదురునే కోసేస్తుందని ఆయన వాదన. నాకు ఆ మాట పూర్తిగా నమ్మకం కలగకపోయినా, పేనిన నార ఇంకా మిగిలి ఉంది కాబట్టి దానితోనే కట్టాను. అక్టోబరు 27న మొంథా తుఫాను కబురు విని మూడింటినీ ముందే ఒడ్డుకు తీసేశాం.

ఖర్చు విషయం. వెదురు ఏడు వందల ఇరవై, ట్రాక్టరు నూట యాభై, కత్తులు మూడు వందల యాభై, నార నాలుగు వందలు, ఆస్పత్రి నూట ఎనభై, తాతకు చుట్టలు, టీలు కలిపి ఆరు వందల దాకా: మొత్తం రెండు వేల నాలుగు వందలు. అంటే ఒక్కో మావుకు ఎనిమిది వందలు, నా కూలీ కలపకుండానే. సంతలో నేను కొన్న నైలాను బుట్ట ధర దానికి సగం కూడా కాదు. కాబట్టి డబ్బు మిగులుతుందని ఎవరూ ఈ పనిలోకి దిగవద్దు. తాత రూపాయి తీసుకోలేదు, మూడు మావుల్లో గొంతు బాగా కుదిరినదాన్ని తన వాటాగా ఉంచుకున్నారు. ఏది కుదిరిందో ఎంచే కన్ను నాకు ఇంకా రాలేదు గనుక, నాకు మిగిలిన రెండూ బాగానే కనిపిస్తున్నాయి.

ఏటా వాడాక ఆరబెట్టి, మళ్లీ పొగకు కడితే మావు నాలుగు వర్షాకాలాలు వస్తుందని, గొంతు పుల్లలు మాత్రం రెండేళ్లకొకసారి మార్చాలని తాత లెక్క. ఆ పుల్లల కోసం ఈసారి కణుపులు దూరంగా ఉన్న గడలు రెండు కావాలి. రైతుకు డిసెంబరులోపే చెప్పి ఉంచాలి, ఎందుకంటే సంక్రాంతి దాటితే మంచి గడలన్నీ పందిళ్లకు, నిచ్చెనలకు అమ్ముడైపోతాయి.